పెద్దమ్మ పిడికిలి

మా పెద్దమ్మ ఇంట్లో పొయ్యి పక్కన ఒక డాల్డా డబ్బా ఉండేది. పసుపు రంగు వెలిసిపోయింది. మీది చెట్టు బొమ్మ సగం తుప్పులో కలిసిపోయింది. మూత ఎప్పుడో పోతే స్టీలు పళ్లెం బోర్లించి పెట్టేది. వంటకు బియ్యం గిన్నెలో పోసుకున్నాక, కడగబోయే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసేది. వేసేటప్పుడు పెదాలు కదిలేవి. ఏమంటున్నావని అడిగితే, "నీతోని కాదు తియ్" అనేది.

చర్చికి పోయే ఇళ్లల్లో పెరిగిన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. పిడికెడు బియ్యం. పూటకింత తీసిపెట్టి, ఆదివారం మూట కట్టుకుపోయి మందిరంలో గంపలో పోస్తారు. నోట్లు వేయలేని ఇళ్లకు అదే కానుక. మా చర్చిలో కొంత పాస్టరయ్య ఇంటికి, కొంత చూసే దిక్కులేని ముసలోళ్లకు పోయేది. మిగిలింది వేలం వేసేవాళ్లు. అందరి బియ్యం ఒకే గంపలో కలిసేది కాబట్టి సన్నవీ దొడ్డువీ, రేషన్‌వీ కొన్నవీ అన్నీ కలిసి ఆ అన్నం ఒక తీరున ఉడికేది కాదు. పాస్టరమ్మగారు పాపం ఎన్నడూ ఒక్క మాట అనలేదు.

పెద్దమ్మకు ఈ విషయంలో ఒక పట్టింపు ఉండేది. వండుకునే గిన్నెలోంచే తీయాలి, సంచిలోంచి తీస్తే చెల్లదు. "సంచిల నుంచి తీస్తే మనకేం తక్కువైనట్టు?" అనేది.

ఆమె చెయ్యి చాలా చిన్నది. నర్సు కాబట్టి ఆసుపత్రిలో ఆరో నంబరు గ్లౌజులు వేసుకునేదట. కష్టమైన కాన్పులకు ఆ చెయ్యి బాగా పనికొచ్చేదని అమ్మ చెప్పేది. గాజుల దుకాణంలో చిన్నపిల్లల గాజులున్న చోటికి పోయి వెతుక్కునేది. ఈ చెయ్యి సంగతి ఎందుకు చెప్తున్నానో చివర్లో తెలుస్తుంది.

పెద్దమ్మ పోలీస్ యాక్షన్ అయిన యేడు పుట్టింది. అంటే 1948. తారీకు ఎవరికీ తెలియదు. బడిలో పంతులు జూలై 1 అని రాస్తే అదే ఖాయమైంది. ఊరు దేవరకొండ దగ్గర. ఆ నీళ్ల ముద్ర ఆమె పళ్ల మీద చివరిదాకా ఉంది, గోధుమరంగు చారలు. తాతకైతే నడుము వంగిపోయి మెడ తిరిగేది కాదట. ఫ్లోరైడ్ అన్న మాట అప్పుడు ఊళ్లో ఎవరికీ తెలియదు, అదంతా ముసలితనమే అనుకునేవాళ్లు. పెద్దమ్మ నవ్వితే చెయ్యి నోటికి అడ్డం పోయేది. ఫోటోలో నవ్వమంటే మూతి బిగించుకునేది. అందుకే ఆల్బంలో ఎక్కడ చూసినా కోపంగా కనిపిస్తుంది. అంత కోపిష్టి కాదు. కొంత కోపిష్టే.

దేవరకొండలో మిషన్ బోర్డింగ్‌లో చదువుకుంది. మా వైపు చర్చిలన్నిటి వెనకా పెద్ద చరిత్రే ఉంది. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖ వాళ్లు 1890 ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టులతో కలిసి నల్లగొండలో పని మొదలుపెట్టారు. ఆ తర్వాత అమెరికా మెన్నోనైట్ బ్రెదరెన్ వాళ్లొచ్చి నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి ఇట్లా ఒక్కొక్క చోటా బంగళా, బడి, దవాఖాన కట్టుకుంటూ పోయారు. మహబూబ్‌నగర్, గద్వాల 1937లో బాప్టిస్టుల నుంచి వీళ్ల చేతికొచ్చాయి. మా అమ్మమ్మకు ఈ పేర్లేవీ పట్టవు. ఆమెకు అందరూ దొరలే, దొరసానులే. ఒక్క డాక్టరమ్మ కథ మాత్రం చెప్పేది. క్యాథరీనా షెల్లెన్‌బర్గ్ అని, 1907లో వచ్చిన డాక్టరు. పెళ్లి చేసుకోలేదు. నలభై ఏళ్లకు దగ్గరగా ఇక్కడే వైద్యం చేసి 1945లో శంషాబాద్‌లో కన్నుమూసింది. పెద్దమ్మ పుట్టకముందు మాట ఇది. అయినా పెళ్లి సంగతి ఎవరెత్తినా పెద్దమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది: "డాక్టరమ్మ చేసుకుందా?"

అసలు సంగతి డాక్టరమ్మ కాదనుకోండి. నర్సు ట్రైనింగ్‌లో ఉండగా తాత పోయాడు. అమ్మకు పదమూడేళ్లు, మామయ్యకు పదకొండు. చేతికి జీతం రాగానే ముగ్గురినీ, అంటే అమ్మమ్మతో సహా, కల్వకుర్తి మీదుగా బస్సెక్కించి జడ్చర్లకు తెచ్చుకుంది. మిషన్ వాళ్లు 1950ల మొదట్లో పెట్టిన ఆసుపత్రి అక్కడే ఉంది, ఆమె కొలువు అందులో. ఒక్క గది క్వార్టరు. ఒక సంబంధం వచ్చిందట, వెనక్కి పోయిందట. ఆమె ముందు ఆ మాట ఎత్తే ధైర్యం మాకెవ్వరికీ లేదు, ఇప్పుడు అడగడానికి ఆమే లేదు.

1972 కరువు గురించి మామయ్య చెప్తాడు. పాలమూరులో అప్పటికి బియ్యం పండగ నాటి మాట, రోజువారీ తిండి జొన్నే. కాబట్టి డబ్బాలో పడేవి కూడా జొన్నలే. అమ్మమ్మ ఇసుర్రాయి ముందు కూర్చునేది. పెద్దమ్మ చాటలోంచి పిడికెడు జొన్నలు తీసి డబ్బాలో వేసి, మిగిలినవి అమ్మమ్మకు ఇచ్చేది. చాటలో ఉన్నవే మూడు రొట్టెలకు సరిపోయేవి. తినేవాళ్లు నలుగురు. పద్నాలుగేళ్ల మామయ్య ఒకరోజు మధ్యాహ్నం డబ్బాలో చెయ్యి పెట్టి రెండు పిడికిళ్లు తీసుకుని, పెంకు మీద వేయించుకుని తిన్నాడు. పెద్దమ్మ డ్యూటీ నుంచి వచ్చి డబ్బా ఊపి చూసింది. ఏమీ అనలేదు. ఆ రాత్రి తన రొట్టె విరిచి సగం ఆయన పళ్లెంలో వేసింది. మర్నాడూ అంతే. ఆ ఎండాకాలమంతా అంతే.

డబ్బాలో వేసేది మాత్రం ఆపలేదు.

మామయ్య దీన్ని ఈనాటికీ మర్చిపోలేదు. ప్రతి క్రిస్మస్‌కూ బగారా అన్నం, తునకల కూర తిని చెయ్యి కడుక్కుంటూ ఇదే అనేవాడు: "దేవునికేం తక్కువుండె అక్కా ఆ యేడు? మాకు తక్కువుండె గానీ." పెద్దమ్మ గరిజెలు సర్దుతూ, "నీకిప్పుడు ఇంకొంచెం కూర కావాల్నా?" అనేది. వాళ్లిద్దరి మధ్య ఈ మాట యాభై యేళ్లు నడిచింది. నేను మామయ్య పక్షమే, చెప్పాలంటే. ఆకలి మీదున్న పిల్లగాడి రొట్టెలోంచి తీసిన పిడికెడు అది.

సర్టిఫికెట్ గొడవ కూడా మామయ్యదే. ఆయన పదో తరగతి అయ్యాక కులం కాగితం కావాల్సొచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైతే ఎస్సీ లెక్కలోకి రారు. తర్వాత సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు, మమ్మల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో 1970లో బీసీ-సీ అని మాలాంటి వాళ్ల కోసం ఒక గ్రూపు పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఊళ్లో మమ్మల్ని వాడ బయటే నిలబెట్టే వాళ్లు మేము ఏ దేవుణ్ని మొక్కుతున్నామో అడిగి నిలబెట్టలేదు. కాగితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడిగారు. పెద్దమ్మ తన కాగితాల మీద ఎక్కడ మతం అని ఉన్నా 'క్రైస్తవురాలు' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. మామయ్య ఏం రాయాలన్న దాని మీద ఒక రాత్రంతా అక్కాతమ్ముళ్లు పోట్లాడుకున్నారట. అమ్మ దుప్పటి కప్పుకుని నిద్రపోయినట్టు పడుకుని అంతా విన్నది. తెల్లవారుజామున పెద్దమ్మ అన్నదట: "నా కాయితం నాది, నీ కాయితం నీది. ఆదివారం మాత్రం వచ్చి నా ముంగట కూసో."

మామయ్య చివరికి ఏం రాయించుకున్నాడో నేను రాయను. ఆయనకు పెన్షన్ వస్తోంది, రానివ్వండి. ఆదివారం మాత్రం ఎన్నడూ తప్పలేదు.

నేను ఎండాకాలం సెలవుల్లో, దసరా సెలవుల్లో, క్రిస్మస్ సెలవుల్లో ఆమె దగ్గరే ఉండేదాన్ని. అప్పటికి రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది, 1983లో. జొన్నల డబ్బా బియ్యం డబ్బా అయింది. పొద్దున నాలుగున్నరకు ఆమె మోకాళ్ల మీద ఉండేది. ఐదుకు నన్ను లేపేది. బైబిల్లోని కంఠత వాక్యం అప్పజెప్పకపోతే ఆదివారం కోడికూరలో ముక్కలు తగ్గేవి. ఇది బెదిరింపు కాదు, నిజంగా తగ్గేవి. సినిమా లేదు. బతుకమ్మ ఆడటానికి పంపేది కాదు. కానీ మా కంచె మీద గుమ్మడితీగ పూస్తే పక్కింటి పిల్లలను పిలిచి పూలు కోసుకొమ్మనేది. "వాళ్లకిస్తవు, నన్ను పోనియ్యవు" అని ఏడిస్తే, "పూలు దేవుడిచ్చిండు, నిన్ను మీ అమ్మ ఇచ్చింది" అనేది. దీనికి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. ఒక యేడు దొంగతనంగా పోయి ఆడి వచ్చాను. జడలో తంగేడు పువ్వు చిక్కుకుని ఉంది. చూసింది, తీసి కిటికీలో పెట్టింది, అన్నం పెట్టింది.

సాయంత్రాలు మా గడప ముందు ఆడవాళ్లు చేరేవాళ్లు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాముల మీద, కాలువల మీద, బొంబాయి బిల్డింగుల మీద మా వాళ్ల చెమట పడింది. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి మనుషులను తీసుకుపోయేవాడు. ముసలోళ్లు, చంటిపిల్లల తల్లులు ఊళ్లో మిగిలేవాళ్లు. వాళ్లకు వచ్చిన ఉత్తరాలు చదవడం, జవాబు రాయడం పెద్దమ్మ పని. ఇన్‌లాండ్ కవరు జాగ్రత్తగా మూడు వైపులా చింపి, ఒళ్లో పరుచుకుని, కందిలి దగ్గరికి జరుపుకుని చదివేది. కరెంటు ఉన్నా కందిలి దగ్గర పెట్టుకునేది, ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి.

నాకు తొమ్మిదో పదో ఉంటాయి. మా వెనక వాడలో ఉండే ఒక అవ్వ ఉత్తరం తెచ్చింది. కొడుకూ కోడలూ బొంబాయి పోయారు. ఎవరితోనో రాయించి పంపారు. పెద్దమ్మ చదువుతోంది. నేను ఆమె భుజం మీంచి తొంగిచూస్తూ నా చదువు చూపించుకోవాలని లోపల్లోపల చదువుకుంటున్నాను. "ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీ క్షేమం తెలియజేయవలెను." దాని కింద ఇంకో వరుస ఉంది. కర్రలు కట్టిన మీద నుంచి కొడుకు పడ్డాడని, కాలు విరిగిందని, ఆసుపత్రిలో ఉన్నాడని. పెద్దమ్మ గొంతు ఆ వరుస దగ్గర ఆగలేదు, తడబడలేదు, దాటి కింద వరుసలోకి పోయింది: "పిల్లలకు ముద్దులు." నేను నోరు తెరిచాను. నా పాదం మీద ఆమె మడమ పడింది. గట్టిగానే పడింది.

అవ్వ ఉత్తరాన్ని కొంగున కట్టుకుని, "సల్లగుండు నర్సమ్మా" అని వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అబద్ధమాడితే ఏమవుతుందో సండే స్కూల్‌లో నాకు చెప్పిన మనిషే ఈమె. పొద్దున ఐదింటికి నన్ను వెంటబెట్టుకుని అవ్వ ఇంటికి పోయింది. చేతిలో చిన్న మూట, అందులో రొట్టెలు, పచ్చడి, రుమాల్లో ముడివేసిన డబ్బు. గడపలో కూర్చోబెట్టి, భుజం పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అవ్వ ఏడ్చింది. చిన్నకొడుకును లేపి, పొద్దుటి బస్సుకు ఎక్కించే దాకా పెద్దమ్మ అక్కడే ఉంది. వచ్చే దారిలో నేను అడిగేశాను, మరి నిన్న అబద్ధం ఎందుకు చెప్పావని.

"రాత్రి చెప్తే ఏం చేస్తది బిడ్డా? బస్సు పొద్దుగాలనే కదా."

అంతే. పాపం, పుణ్యం అని ఏమీ అనలేదు. ఇంటికొచ్చి స్నానం చేసి డ్యూటీకి పోయింది. ఆ నెల బల్ల ఆదివారం, అంటే ప్రభువు భోజనం పంచే రోజు, రొట్టె, ద్రాక్షరసం తన ముందుకొస్తే తీసుకోకుండా పక్కకు పంపించింది. ఎందుకని అమ్మమ్మ అడిగితే ఒంట్లో బాలేదంది. నాకు మాత్రం తెలుసు. ఎవరితోనూ అనలేదు, ఇదే మొదటిసారి చెప్పడం.

రిటైరయ్యాక మహబూబ్‌నగర్‌లో మామయ్య ఇంటికి రెండు సందుల అవతల చిన్న ఇల్లు తీసుకుంది. కలిసి ఉండమంటే ఒప్పుకోలేదు. "వాని టీవీ వానిది, నా ప్రార్థన నాది" అనేది. ఒక్క పూటే వండుకునేది. ఊళ్లో ఎవరు ప్రభువునందు నిద్రించినా పెట్టె పక్కన ముందు ఈమె కనిపించేది. పాట ఎత్తుకునేది ఆమే. శ్రుతి కొంచెం పైనుంచే ఎత్తుకునేది, మిగతావాళ్లు అందుకోలేక అవస్థపడేవాళ్లు. స్త్రీల కూడికలో ఎవరో ఈ మాట మెల్లగా అంటే, "చచ్చిపోయినోళ్లకు వినబడాలె కదా" అందట.

2020 మార్చిలో చర్చి మూతపడింది. జూన్‌లో తెరిచారు గానీ మామయ్య ఆమెను గడప దాటనివ్వలేదు. డెబ్బై దాటింది, షుగర్ ఉంది. మామయ్య మనవడు సెల్లులో జూమ్ ఆరాధన పెట్టిచ్చాడు. రెండు వారాలు చూసింది. మూడో వారం, "ఇంట్ల కానుక ఎట్ల పోస్తర్రా?" అని వాడిని అడిగింది. వాడు ఫోన్ పే చూపించాడు. పక్కన పెట్టేసింది. బియ్యం నేను పోసి వస్తానని మామయ్య అన్నాడు. "నా కాళ్లతోని పోయి నేనే పోస్త, కరోనా పోనియ్" అంది.

2021 మే నెల, రెండో లాక్‌డౌన్. పొద్దున ఆరు నుంచి పది దాకానే బయట తిరగనిచ్చేవాళ్లు. ఒక తెల్లవారి మోకాళ్ల మీద నుంచి లేవలేదు. మంచానికి తల ఆనించి అట్లాగే ఉంది. గుండె అన్నారు. సమాధి దగ్గరికి ఇరవై మందికి మించి పోకూడదు. నేను హైదరాబాద్ నుంచి పాస్ తీసుకుని వచ్చేసరికి పద్దెనిమిదో దాన్నో పంతొమ్మిదో దాన్నో అయ్యాను. ఊరందరికీ పాటెత్తిన మనిషికి పాటెత్తడానికి మాస్కుల వెనక గొంతులు లేవు. పాస్టరయ్య తక్కువ శ్రుతిలో మొదలుపెట్టాడు. మామయ్య మధ్యలో ఆపి, "అయ్యగారూ, పైనుంచి" అన్నాడు. మళ్లీ పైనుంచి ఎత్తుకున్నాం, ఎవరికీ అందలేదు. పెట్టె దించాక తలా మూడు పిడికిళ్ల మన్ను వేశాం.

లాక్‌డౌన్ ఎత్తేశాక జూన్ చివర్లో ఇల్లు ఖాళీ చేయడానికి పోయాం. అమ్మ, మామయ్య, నేను, మా పదేళ్ల పాప. వంటగదిలో డాల్డా డబ్బా నిండా బియ్యం. దాని వెనక పాల క్యాను, నిండా. పై అరలో రెండు హార్లిక్స్ సీసాలు. బీరువా కింద ఆసుపత్రి నాటి డ్రెస్సింగ్ డబ్బా, అందులో సగం. అన్నీ పురుగు పట్టి ఉన్నాయి. చర్చికి పోకపోయినా రోజూ పిడికెడు తీస్తూనే ఉంది. డబ్బా నిండితే ఇంకోదాంట్లోకి.

ఇట్లా పోయడానికి లేదు, బాగుచేయాలి అంది అమ్మ. వాకిట్లో వేపచెట్టు కింద చాప పరిచి అన్నీ కుమ్మరించాం. మామయ్య చాట అందుకున్నాడు. అరవై మూడేళ్ల మనిషి, ఆయన చాట పట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు. చెరగడం రాదు, బియ్యం కిందకు పోతున్నాయి, పురుగులు చాటలోనే ఉంటున్నాయి. అమ్మ చాట లాక్కుంది. ఆయన కాసేపు ఊరికే కూర్చుని, చెరిగిన కుప్పలోంచి పిడికెడు తీసి గంపలో వేశాడు. మళ్లీ పిడికెడు. లెక్కపెడుతున్నాడు. ఎన్ని రోజులు మానలేదో చూస్తాడట. రోజులు నాలుగు వందల పైన కావాలి. ఆయన లెక్క రెండు వందల ఎనభై దగ్గర కుప్ప అయిపోయింది.

"మధ్యల బంద్ చేసింది" అన్నాడు. గొంతులో ఏదో గెలిచినట్టు ఉంది, వెంటనే అదీ పోయింది.

"నీ చెయ్యెంత, అక్క చెయ్యెంత?" అంది అమ్మ.

అమ్మ చెయ్యి పెట్టి చూసింది, అదీ పెద్దదే. నాదీ పెద్దదే. పాపను పిలిచారు. దాని చెయ్యి అమ్మ తన అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసి, "ఇదీ" అంది. మామయ్య గంపను చాప మీద బోర్లించి కుప్ప చేశాడు. పాప లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మామయ్య పుల్లతో నేల మీద పదికో గీత గీస్తున్నాడు. నూట ముప్పై ఏడో, ముప్పై ఎనిమిదో అయ్యాక దానికి ఫోన్ మోగింది. ఎత్తి మాట్లాడి వచ్చి, "ఎంత దాకా అయింది తాతా?" అంది. మామయ్య గీతల వంక చూశాడు. కోడి ఒకటి వాటి మీంచి నడిచిపోయింది.

"మొదటి నుంచి పెట్టు బిడ్డా" అని బియ్యం మళ్లీ కుప్పలో పోశాడు.